బొల్లారంలో పుట్టి, పులిని పిలిచినవాడు

ఈసారి గోడ పత్రికలో జీవిత చరిత్ర నా వంతు వచ్చింది. కొమురం భీం గురించి, అల్లూరి గురించి ఇదివరకే బాగా రాశారు. నేను మన పక్కనే పుట్టిన ఒక వేటగాడి గురించి రాస్తాను. ఆయన పేరు కెన్నెత్ ఆండర్సన్.

మన మారేడ్‌పల్లి నుంచి కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ దాటి పోతే బొల్లారం. రాష్ట్రపతి నిలయం ఉన్న చోటు అదే. 1910 మార్చి 8న ఆయన అక్కడ పుట్టాడు. స్కాట్లాండ్ నుంచి వచ్చి తరతరాలుగా ఇండియాలోనే ఉండిపోయిన కుటుంబం వాళ్ళది. చదువు, ఉద్యోగం ఎక్కువగా బెంగళూరులోనే. అక్కడ విమానాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, సెలవు దొరికితే అడవిలో ఉండేవాడు. సర్కారు లెక్క ప్రకారం 1939 నుంచి 1966 దాకా మనుషుల్ని తినే చిరుతల్ని 8, పులుల్ని 7 కాల్చాడు. మన చిత్తూరు జిల్లా వైపు చామల లోయకు, మామండూరు అడవికి కూడా ఇదే పని మీద వచ్చాడు.

ఈ లెక్కలకన్నా నాకు నచ్చింది ఆయన గొంతు.

హోసూరు దగ్గర జవళగిరి అడవిలో ఒక ఆడపులి ఉండేది. దాని మగతోడును ఎవరో కాల్చేశారు. తరవాత అది కూడా గాయపడి మనుషుల మీద పడింది. ఆండర్సన్ దానికోసం చాలా తిప్పలు పడ్డాడు. చివరికి అది జత కోసం అరుస్తుంటే విని, మగపులి లాగా తిరిగి అరిచాడు. పీక లేదు, బూర లేదు, ఒట్టి గొంతే. పులి జవాబిచ్చింది, దగ్గరకు వచ్చింది, ఆయన కాల్చాడు. ఉత్తరాన కుమావూ కొండల్లో జిమ్ కార్బెట్ కూడా 1938లో ఠాక్ అనే ఊరి ఆడపులిని ఇట్లాగే పిలిచి చంపాడు.

కొత్తవాడికి ఇది కోడిలాగా కూసినంత తేలిక అనిపిస్తుంది. కానీ ముందు వినడం రావాలి. జంతువు ఏ కాలంలో ఎందుకు అరుస్తుందో తెలియాలి. జత వెతకని పులికి జత కూత పెట్టి ఏం లాభం? ఇంకో సంగతి ఏందంటే, పిలిస్తే అది సరిగ్గా కూత పుట్టిన చోటికే వస్తుంది. అక్కడ ఉండేది మనమే కదా!

అడవి సంగతులు ఆయనకు నేర్పినవాళ్ళలో బైరా ఒకడు. పెన్నాగరం అడవుల్లో ఉండే పూజారి తెగ మనిషి. పూజారి అంటే గుళ్ళో పూజారి కాదు, అది తెగ పేరు. 1954లో వచ్చిన ఆండర్సన్ మొదటి పుస్తకంలో ఒక అధ్యాయానికి బైరా పేరే పెట్టాడు. చాలామంది దొరలు ఇంతమాత్రం కూడా చెయ్యలేదు.

మరి ఎలుగుబంటిని పిలవొచ్చా? మన గదిలో దీనిమీద పెద్ద వాదనే అయింది. అమెరికాలో నల్ల ఎలుగుల కోసం జింకపిల్ల ఏడ్చినట్టు పీక ఊదుతారు. అక్కడి ఎలుగు జింకపిల్లల్ని తింటుంది కాబట్టి వస్తుంది. మన ఎలుగు తినేది చెదలు, చీమలు, తేనె, ఇప్పపూలు, అడవి పండ్లు. చెదలు ఏడిస్తే ఎట్లుంటదో ఎవరికి తెలుసు?

ఆండర్సన్ కూడా ఎలుగును కూతతో రప్పించలేదు, వెతికే పట్టుకున్నాడు. మైసూరు రాష్ట్రం అరసికెరె దగ్గర ఒక దర్గా చూసుకునే ఆలం బక్ష్ అనే ముసలాయన ఉండేవాడు. ఒక రాత్రి ఆయన కొడుకు బయటికి వచ్చి ఎలుగు చేతిలో పడి చనిపోయాడు. ఆ ఎలుగు కనీసం 12 మందిని చంపింది, ఇంకా ఎందరి ముఖాలో చీల్చింది. ఆండర్సన్‌కు అది మొదటిసారికే దొరకలేదు, మళ్ళీ మళ్ళీ పోయాక కాల్చగలిగాడు.

ఎలుగుకు కంటిచూపు తక్కువ, వినికిడి కూడా అంతే. దానికి ముక్కే ఆధారం. గాలి మనవైపు వీస్తుంటే, పుట్ట తవ్వుకునే ఎలుగుకు మనం మీదికి పోయేదాకా తెలియదు. తెలియగానే బెదిరి లేచి ముఖం మీద కొడుతుంది. అందుకే మా ఊరి ఆడవాళ్ళు చీకటితో ఇప్పపూలకు పోయేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ, కట్టెతో చెట్లను కొట్టుకుంటూ పోతారు. మా పెద్దమ్మ అయితే దారంతా ఉత్తుత్తి దగ్గు దగ్గుతనే ఉంటది. వేటగాడు రమ్మని కూస్తాడు, వీళ్ళు తప్పుకో అని కూస్తారు. ఈ రెండో కూత వల్లనే మా ఇంట్లో అందరూ ప్రతి ఏడు ఇప్పపూలు ఏరుకొని క్షేమంగా తిరిగొస్తున్నారు.

తరవాతి కాలంలో ఆండర్సన్ తుపాకీ తగ్గించి కెమెరా పట్టుకున్నాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు పులి, ఎలుగు రెండూ దాని మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, వేటాడితే జైలే. ఆయన 1974 ఆగస్టు 30న బెంగళూరులో చనిపోయాడు. ఆయన రాసిన మరో పుస్తకం, పాత అడవుల గురించి, 1976లో అచ్చయింది.