అత్త మీద కోపం.. ఫోన్‌లో ఇంటామె మీద!

సింగపూర్‌లో రాత్రి తొమ్మిదంటే మన ఊళ్లో సాయంత్రం ఆరున్నర. డ్యూటీ దిగి, డార్మిటరీకి చేరి, ఇంత తిని మనం ఇంటికి ఫోన్ చేసే వేళ. పిల్లాడి ఫీజు గురించో, చిట్టీ డబ్బుల గురించో ఇంటామె చిన్నమాట అంటుంది. అంతే, మనకు ఒళ్లు మండిపోతుంది. నాలుగు తిట్టి ఫోన్ పెట్టేస్తాం. పడుకున్నాక గానీ తెలియదు.. ఆ కోపం ఆమె మీద కాదు, పొద్దున సైట్‌లో అందరి ముందూ కేకలేసిన సూపర్‌వైజర్ మీద అని.

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. మన పెద్దలు సామెతలో పెట్టిన ఈ సంగతినే మనస్తత్వశాస్త్రంలో విస్థాపనం అంటారు. ఇంగ్లిష్‌లో డిస్‌ప్లేస్‌మెంట్. ఆ శాస్త్రంలో దీనికి చోటిచ్చిన వ్యక్తి సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆయన జీవితంలోనూ వలస ఉంది, ఎడబాటు ఉంది.

ఫ్రాయిడ్ 1856 మే 6న ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఓ చిన్న ఊళ్లో ఉన్ని వ్యాపారి ఇంట పుట్టారు. ఆయనకు నాలుగేళ్లప్పుడు కుటుంబం బతుకుతెరువు కోసం వియన్నా చేరింది. 1881లో డాక్టరయ్యారు. మరుసటి ఏడాది మార్తా అనే అమ్మాయితో పెళ్లి ఖాయమైంది. కానీ చేతిలో డబ్బు లేదు. పెళ్లి 1886లో గానీ కాలేదు. ఆ నాలుగేళ్లలో చాలాకాలం ఆమె జర్మనీలో, ఈయన వియన్నాలో. ఫోన్లు లేని రోజులు. వందల ఉత్తరాలు రాశారు. వాటిలో ప్రేమతో పాటు అనుమానాలూ, అలకలూ ఉన్నాయి. మనసు గుట్టు విప్పిన మనిషికీ దూరం తేలిగ్గా గడవలేదన్నమాట!

తర్వాత నరాల జబ్బులతో వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడనివ్వడం మొదలుపెట్టారు. పైకి చెప్పుకోలేక అణచుకున్న కోపం, భయం, కోరిక ఎక్కడికీ పోవని, మనకే తెలియని మనసు లోపలి అరలో ఉండి మరో దారిన బయటికొస్తాయని ఆయన తేల్చారు. లోపలి ఈ పెనుగులాటను బట్టి మనిషిని అర్థం చేసుకునే పద్ధతులనే ఇప్పుడు సైకోడైనమిక్ అంటున్నారు. 1909లో ఆయన అయిదేళ్ల పిల్లాడి కథ రాశారు. ఆ పిల్లాడికి గుర్రమంటే హడల్. అసలు భయం తండ్రి మీదిదని, అది గుర్రం మీదికి మళ్లిందని ఫ్రాయిడ్ చెప్పారు. ఆయన సిద్ధాంతాల్లో చాలావాటిని ఇప్పటి శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. ఈ కథ మీదా వాదనలున్నాయి. అయినా కోపం దారి మళ్లుతుందన్న మాట మాత్రం మన అనుభవంలో ఉన్నదే.

1938లో నాజీలు వియన్నాలో అడుగుపెట్టారు. కూతురు అన్నాను గెస్టపో పోలీసులు ఒకరోజు పట్టుకెళ్లి ప్రశ్నించారు. ఆమె కూడా మనోవిశ్లేషకురాలే. మనసు తనను తాను కాపాడుకునే ఇలాంటి ఎత్తుల మీద 1936లో పుస్తకం రాసింది. 1938 జూన్‌లో, 82 ఏళ్ల వయసులో, దవడ క్యాన్సర్‌తో ఫ్రాయిడ్ లండన్‌కు వలసపోయారు. నలుగురు చెల్లెళ్లు వియన్నాలోనే ఉండిపోయారు. 1939 సెప్టెంబర్ 23న ఆయన కన్నుమూశారు. ఆ చెల్లెళ్లు తర్వాత నాజీల క్యాంపుల్లో బలైపోయారు. ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు.

మరి ఈ మాట మనకెందుకు? పక్కవాడిని మెంటల్ అని ముద్రవేయడానికి కాదు. ఈ కోపం అసలు ఎవరి మీదిదని మనల్ని మనం అడుగుకోవడానికి. జీతం ఆగితే ఆ ఫిర్యాదు వెళ్లాల్సింది మ్యాన్‌పవర్ మినిస్ట్రీకి, ఇంటామెకు కాదు. గుండె బరువైతే చెప్పుకోవడానికి ఇక్కడ హెల్త్‌సర్వ్ లాంటి సంస్థల్లో వలస కార్మికుల కోసం కౌన్సెలింగ్ ఉంది.

ముందైతే ఈ రాత్రి ఫోన్ చేసేముందు పది నిమిషాలు ఊరికే కూర్చుందాం. నిన్న తిట్టి ఉంటే, ఆ కోపం నీ మీద కాదులే అని ఓ మాట చెప్పేద్దాం. దుత్తకు నోరు లేదు గానీ, ఆమెకు మనసుంది కదా!