డాక్టర్ జాకిర్ హుసేన్ : గురుహృదయం

బిడ్డను ఉన్నవానిని ఉన్నట్లుగా అక్కున చేర్చుకొనుట ప్రేమ. నేటికంటె రేపు మెరుగైనవానిగా తీర్చిదిద్దుట శిక్షణ. శిక్షణ లేని ప్రేమ గారాబమవుతుంది. ప్రేమ లేని శిక్షణ కాఠిన్యమవుతుంది. ఈ రెంటినీ సమంగా తూచిన మహోపాధ్యాయుడు డాక్టర్ జాకిర్ హుసేన్.

ఆయన 1897 ఫిబ్రవరి 8వ తేదీన మన హైదరాబాదులోనే జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ న్యాయవాది. పదేండ్ల ప్రాయంలో తండ్రిని, 1911లో ప్లేగు వలన తల్లిని కోల్పోయిన ఆ బాలుడు ఇటావాలోను, పిమ్మట అలీగఢ్‌లోను చదువుకొన్నాడు. 1920లో గాంధీజీ పిలుపునందుకొని కళాశాలను వీడి, జామియా మిల్లియా ఇస్లామియా స్థాపనలో పాల్గొన్నారు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1926లో స్వదేశానికి వచ్చి, ధనాభావంతో కొట్టుమిట్టాడుతున్న ఆ సంస్థకు 29వ ఏట వైస్ ఛాన్సలర్ అయ్యారు. నెలకు 150 రూపాయలకు మించి స్వీకరింపక ఇరువది ఏండ్లు సేవ చేయుదుమని అచటి అధ్యాపకులు ప్రతిన పూనగా, వారికి ఆయనే ముందు నిలిచారు.

విద్యార్థులు మాసిన బూట్లతో రావడం ఆయనకు నచ్చలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఫలితం కనిపించలేదు. ఒకనాడు ఆయనే పాలిష్, బ్రష్షు చేతబట్టి ద్వారం వద్ద కూర్చున్నారని చెప్పుకొంటారు. ఆయన ఎవరినీ దండించలేదు, లోపాన్ని చూచీచూడనట్లు వదలనూ లేదు. సిగ్గుపడిన విద్యార్థులు మరునాటి నుండి తామే శుభ్రపరచుకొన్నారట. 1935లో ఓఖ్లాలో జామియా భవనానికి పునాదిరాయి వేసినది ఏ నాయకుడూ కాదు. ఆ సంస్థలోని అతి చిన్న విద్యార్థి. పసివాని చేతికి అంతటి బాధ్యత అప్పగించుట కంటె మించిన ప్రోత్సాహమేమున్నది?

పిల్లలకై ఆయన ఉర్దూలో వ్రాసిన ‘అబ్బూ ఖాఁ కీ బక్రీ’ కథ సుప్రసిద్ధం. అబ్బూ ఖాన్‌కు తన మేకపై ఉన్న ప్రేమ నిజమైనదే. ఐనను ఆ ప్రేమకు త్రాడు కట్టడమే తెలిసినది. మేక చాందినీ కొండకు పారిపోయి, తెల్లవారేవరకు తోడేలుతో పోరాడి నేలకొరుగుతుంది. కొండపై పొంచియున్న అపాయాన్ని రచయిత దాచలేదు. స్వేచ్ఛకై తపించే ప్రాణాన్ని చిన్నచూపూ చూడలేదు. పెంచేవారు ఆలోచింపవలసినది ఇక్కడనే: కాపాడుట పేరిట ఎదుగుదలను బంధింపరాదు.

1937లో వార్ధా విద్యా సంఘానికి అధ్యక్షులై, చేతిపని ద్వారా చదువు నేర్పే ప్రణాళికను దేశానికి అందించారు. పిమ్మట అలీగఢ్ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్‌గా, బీహారు గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా, 1967లో రాష్ట్రపతిగా ఎదిగినను ఆయన హృదయం ఉపాధ్యాయునిదే. 1969 మే 3వ తేదీన పరమపదించగా, తాను పెంచిన జామియా ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు.

విద్యార్థి సోదరులారా! మనలను మన్నించువారు హితులే. మన తప్పును దిద్దువారూ హితులే. ఈ రెండు గుణాలూ ఒక్కరిలోనే కనిపించిననాడు, వారే మన గురువులని గుర్తింతుము గాక.