గ్రామఫోను నిర్మాత ఎమిల్ బెర్లినరు

కృష్ణా డెల్టా పల్లెలలో నాటకపద్యము రంగస్థలము దాటి ఇంటి అరుగుమీదికి వచ్చినది గ్రామఫోను మూలముననే. ఆ యంత్రమును నిర్మించి, దానికా పేరు పెట్టినవాడు ఎమిల్ బెర్లినరు.

ఇతడు 1851 మే 20వ తేదీన జర్మనీలోని హానోవరు నగరమున జన్మించెను. పద్నాలుగవ యేటనే చదువు చాలించి పనిలో చేరెను. 1870లో అమెరికాకు పోయి, కొంతకాలము న్యూయార్కులోని ఒక రసాయనశాలలో సీసాలు కడిగెను. రాత్రులందు కూపర్ సంస్థ గ్రంథాలయమున కూర్చుండి భౌతికశాస్త్రమును స్వయముగా అభ్యసించెను. కళాశాల మెట్లెక్కని యతనికి గ్రంథాలయమే గురుకులమయ్యెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పెద్దలు కోరినదియు నిదియే గదా!

1877లో ఎడిసను ఫోనోగ్రాఫును కనిపెట్టెను. దాని రికార్డు గొట్టమువలె నుండును. ఒకదానినుండి వేలకొలది ప్రతులు తీయుట ఆనాడు సాధ్యము కాలేదు. బెర్లినరు 1887లో గ్రామఫోనుకు పేటెంటు పొంది, మరుసటి యేట బల్లపరుపు పళ్లెముపై పాట వినిపించెను. ఆ పళ్లెమునుండి అచ్చు తీసి, ప్రతులు ఎన్నియైనను ఒత్తవచ్చును. పాట పేదయింటికి చేరుటకు దారి యిదియే.

తొలినాటి యంత్రములను పోల్చుటకు ఆనవాళ్లు కలవు. మొదటివి చేతితో త్రిప్పునవి. చేయి తడబడినచో రాగమును తడబడును. 1896లో ఎల్‌డ్రిడ్జ్ జాన్సను స్ప్రింగు మోటారును అమర్చెను. అప్పటినుండి కీ ఇచ్చిన చాలును. ఆనాటి యంత్రములలో ముల్లుండు శబ్దపేటిక బూరా కొననే తగిలియుండి, పాటతోపాటు బూరాయు కదలును. 1903 ప్రాంతమున బోలుచేయి వచ్చి, బూరా నిలుకడగా నిలిచెను. 1906లో బూరా పెట్టెలోనికే పోయెను. తరువాత చేతపట్టుకొని పోదగిన పెట్టెలు వెలువడెను. నేడు కొందరు అట్టి పెట్టెల మోటారును కొత్తచెక్కలో బిగించి, మెరయు ఇత్తడిబూరా తగిలించి, పురాతనమని అమ్ముచున్నారు. కొనువారు పేరుబిళ్లను గాక మోటారును, చేతిని, బూరాను పరీక్షింపవలెను.

అమ్మకపు గుత్తదారుతో వివాదము కలిగి, 1900లో న్యాయస్థానపు ఉత్తర్వుచే బెర్లినరు వ్యాపారము అమెరికాలో ఆగిపోయెను. మరుసటి యేట జాన్సను విక్టరు కంపెనీని స్థాపించెను. గ్రామఫోనను పేరు ఆ దేశపు అంగళ్లలో క్రమముగా మరుగుపడెను. అయినను బెర్లినరు క్రుంగలేదు. పసిబిడ్డల ప్రాణములు కాపాడుటకు పాలను శుద్ధిచేసి వాడవలెనని ఊరూర ప్రచారము సాగించెను. 1929 ఆగస్టు 3వ తేదీన వాషింగ్టనులో కన్నుమూసెను.

తాను స్థిరపడిన దేశమున మరుగైన ఆ పేరు, తానెన్నడును చూడని కృష్ణాతీరమున ఇంటిమాటయై నిలిచినది.