గురుగ్రహం మీది నీడలకు టైము కట్టిన కాసిని

గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు పెద్ద చందమామలను 1610లో గెలీలియో చూశారు. అవి గ్రహం ముందు నుంచి పోయేటప్పుడు వాటి నీడ దాని మీద చిన్న నల్ల చుక్కలా పడుతుంది. ఆ చందమామల రాకపోకలకు నమ్మదగ్గ లెక్క కట్టిన మనిషి జొవాన్ని కాసిని.

ఆయన 1625 జూన్ 8న ఇటలీలోని పెరినాల్డో అనే చిన్న ఊళ్లో పుట్టారు. పాతికేళ్లకే బొలోనా యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం చెప్పడం మొదలుపెట్టారు. 1664లో, రోమ్‌లో కంపాని తయారు చేసిన మేలైన టెలిస్కోప్‌తో ఆ నీడలను చూశారు. ఏది నీడ, ఏది గ్రహం మీది మచ్చ అని విడదీశారు. మచ్చ తిరిగొచ్చే టైమును బట్టి గురుగ్రహం 9 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుందని తేల్చారు. 1668లో ఆ నాలుగు చందమామల పట్టికలు అచ్చు వేశారు.

పట్టికలకు విలువ ఎందుకంటే, ఒక చందమామ గురుగ్రహం నీడలో మాయమయ్యే క్షణం భూమ్మీద అందరికీ ఒకటే. ఆ క్షణాన రెండు ఊళ్ల స్థానిక టైములో గంట తేడా ఉంటే వాటి మధ్య రేఖాంశం 15 డిగ్రీలన్నమాట. 1669లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ ఆయన్ని పారిస్‌కు రప్పించుకున్నారు. ఈ పద్ధతితో కొలిస్తే ఫ్రాన్స్ పడమటి తీరం పాత పటాల్లో చూపినదానికన్నా తూర్పుకు జరిగింది!

ఒక్క చిక్కు మిగిలింది. భూమి గురుగ్రహానికి దూరంగా ఉన్నప్పుడు అయో అనే చందమామ గ్రహణాలు ఆలస్యంగా కనబడేవి. వెలుగు రావడానికి టైము పడుతుందేమోనన్న ఊహ కాసినికి కూడా వచ్చింది. మిగతా చందమామలకు అది కుదరలేదని వదిలేశారు. 1676లో ఆయన దగ్గరే పనిచేసే రోమర్ అదే మాట గట్టిగా నిలబెట్టారు. కాసిని మాత్రం ఒప్పుకోలేదు. రోమర్ చెప్పిందే నిజమైంది.

శనిగ్రహానికి నాలుగు చందమామలను, దాని వలయాల మధ్య ఖాళీని కనిపెట్టిన ఆ కళ్లు 1711లో చూపు కోల్పోయాయి. 1712 సెప్టెంబర్ 14న పారిస్‌లో చనిపోయారు.

నెలవంక కోసం డాబా ఎక్కడం మనకు అలవాటే. 4 అంగుళాల టెలిస్కోప్ ఉంటే, గాలి నిలకడగా ఉన్న రాత్రి ఆ నీడలు అక్కడి నుంచే కనబడతాయి. టైములు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. అవి గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. గురుగ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే రోజుకు ముందైతే నీడ మొదట వస్తుంది, చందమామ తర్వాత. ఆ రోజు దాటాక చందమామే ముందు.