బేబీ ఆస్టిన్ కర్త హెర్బర్ట్ ఆస్టిన్

ఈ ప్రత్యేక సంచిక కోసం ఎవరికి నచ్చిన ప్రముఖుని జీవితం గురించి వారు రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసు కాలమంతా రవాణా శాఖలో వాహనాల పన్ను రిజిస్టర్లతో గడిపినవాణ్ణి గనుక ఒక కార్ల మనిషిని ఎంచుకున్నాను. ఆయన హెర్బర్ట్ ఆస్టిన్. మనిషి పేరు తెలియకపోయినా బేబీ ఆస్టిన్ అన్న మాట మన వయసు వారు విని ఉంటారు.

ఆయన 1866 నవంబరు 8న ఇంగ్లండులోని లిటిల్ మిసెండెన్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి యార్క్‌షైర్‌లో ఒక ప్రభువుగారి ఎస్టేటులో సేద్యం అజమాయిషీ చూసే ఉద్యోగి. 1884లో, ఇంకా పద్దెనిమిది నిండకుండానే, కుర్రవాడు మేనమామ వెంట ఓడెక్కి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ చేరాడు. అక్కడ యంత్రాల పని నేర్చుకున్నాడు, 1887లో పెళ్లి చేసుకున్నాడు. ఆ దేశంలో గొర్రెల పెంపకం పెద్ద పరిశ్రమ. ఉన్ని కత్తిరించే యంత్రం తయారుచేసే వూల్జ్లీ కంపెనీలో చేరి, ఆ యంత్రంలోని లోపాలు సవరించి యజమానుల మెప్పు పొందాడు. 1893లో కంపెనీ పని మీదే ఇంగ్లండు తిరిగివచ్చి బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డారు. ఉన్ని కత్తెర ఏడాదిలో కొన్ని నెలలే అమ్ముడయ్యే సరుకు. మిగతా కాలంలో కార్ఖానాకు పని కావాలి కదా! ఆ వెతుకులాటలోనే ఆయన చూపు మోటారు కారు మీద పడింది. 1890ల మధ్యనే ప్రయోగాలు మొదలుపెట్టి వూల్జ్లీ పేరు మీద కార్లు తయారుచేశారు. 1905లో ఆ సంస్థతో పొసగక బయటికి వచ్చి, బర్మింగ్‌హామ్ శివార్లలోని లాంగ్‌బ్రిడ్జ్‌లో మూతబడి ఉన్న ఒక అచ్చు కార్యాలయం భవనాలు తీసుకుని సొంత కంపెనీ పెట్టారు.

మొదటి ప్రపంచయుద్ధం ఆయనకు ఒక చేత్తో ఇచ్చింది, రెండో చేత్తో తీసుకుంది. ఫిరంగి గుళ్లు, విమానాలు, లారీల తయారీతో కార్ఖానాలో పనివారి సంఖ్య 20,000 దాటింది. 1917లో సర్ బిరుదు వచ్చింది. కాని ఏకైక కుమారుడు వెర్నన్ 1915 జనవరిలో ఫ్రాన్సు యుద్ధరంగంలో మరణించాడు. తర్వాత ఎన్ని గౌరవాలు వచ్చినా అందుకోవడానికి వారసుడు లేకపోయాడు.

యుద్ధం ముగిశాక ఆయన ఒకే ఒక పెద్ద కారును, ఇరవై గుర్రాల శక్తి గలదాన్ని, నమ్ముకుని కూర్చున్నారు. గిరాకీ పడిపోయింది. దానికి తోడు 1921 జనవరి నుంచి బ్రిటిష్ ప్రభుత్వం గుర్రపు శక్తి ఒక్కింటికి ఏడాదికి ఒక పౌను చొప్పున పన్ను వేసింది. ఆ లెక్క కట్టే పద్ధతి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. ఇంజను అసలు బలంతో పని లేదు. సిలిండర్లు ఎన్ని, వాటి వ్యాసం ఎంత, అంతే. గుమాస్తా టేపు పెట్టి కొలిచి తేల్చేయగల లెక్క. పన్ను సూత్రం మారితే రోడ్డు మీద తిరిగే బండ్ల ఆకారమే మారిపోతుందని పన్నుల సీట్లో కూర్చున్న ఎవరికైనా తెలుసు. పెద్ద కారు యజమాని ఏటా ఇరవై పౌన్లకు పైగా కట్టాల్సివచ్చింది. 1921లోనే కంపెనీ దివాలా అంచుకు చేరి, కోర్టు నియమించిన రిసీవర్ చేతుల్లోకి వెళ్లింది.

అప్పటికి ఆస్టిన్ వయసు యాభై అయిదు. మనకైతే పెన్షన్ కాగితాలు సిద్ధం చేసుకునే వయసు. ఆయనేమో మోటారు సైకిలుకు పక్కతొట్టి తగిలించి పెళ్లాం బిడ్డలను వానలో తిప్పే సామాన్యుడికి అదే ఖర్చులో నిజమైన కారు ఇవ్వాలని పట్టుబట్టారు. డైరెక్టర్లు ససేమిరా అన్నారు. మీరు కాదంటే వూల్జ్లీ వారికే ఈ ఆలోచన ఇస్తానని ఆయన బెదిరించి ఒప్పించవలసి వచ్చింది. సొంత డబ్బు పెట్టారు. కార్ఖానా డ్రాయింగు ఆఫీసు నుంచి స్టాన్లీ ఎడ్జ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి పిలిపించి, లికీ గ్రేంజ్ అనే తమ ఇంట్లోని బిలియర్డ్స్ గదిలో కూర్చోబెట్టి నక్షాలు గీయించారు.

రెండు సిలిండర్లతో సరిపెడదామన్న పెద్దాయనను చిన్న నాలుగు సిలిండర్ల ఇంజను వైపు తిప్పింది ఈ కుర్రవాడే. చౌకబండిలో నాలుగు సిలిండర్లు ఎలా ఇమడతాయో కాగితం మీద గీసి చూపించాడు. కారు బయటికి వచ్చేసరికి అందులోని కొత్త ఏర్పాట్లకు పేటెంట్లు ఆస్టిన్ పేరు మీద నమోదయ్యాయి. సొంత సొమ్ము పెట్టినందుకు కారు ఒక్కింటికి రెండు గినీలు, అంటే 2 పౌన్ల 2 షిల్లింగులు, రాయల్టీ ఆయనకు దక్కింది. ఎడ్జ్ పేరు చాలాకాలం బయటివారికి తెలియలేదు. ఫైలు మీద నోటు రాసేవాడొకడు, సంతకం పెట్టేవారొకరు అన్న సంగతి మనవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. ఇంతకీ ఆస్టిన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మునిగే కంపెనీలో సొంత సొమ్ము పెట్టినవారు ఆయన. అయినా ఈ కథ చెప్పుకునేటప్పుడు ఎడ్జ్ పేరు వదిలేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

1922 జులైలో ఆస్టిన్ సెవెన్ పేరుతో కారును ప్రకటించారు. ధర 165 పౌన్లు. మొదట 696 సీసీ, మరుసటి ఏడు 747 సీసీ ఇంజను. చక్రాల మధ్య వెడల్పు 40 అంగుళాలే. బరువు సుమారు 360 కిలోలు. ఇంత చిన్న బండికీ నాలుగు చక్రాలకూ బ్రేకులుండటం ఆ రోజుల్లో విశేషం. అయితే మొదట్లో కాలి పెడలుకు వెనక చక్రాలు, చేతి లివరుకు ముందు చక్రాలు ఆగేవి. రెంటినీ కలిపింది 1930లో. పన్ను ఏడెనిమిది పౌన్లతో తీరిపోయేది. జనం మొదట బొమ్మకారని నవ్వారు, తర్వాత కొన్నారు. నాసిరకం చిన్న బండ్లు తయారుచేసే కంపెనీలు దీని దెబ్బకు మూతబడ్డాయి. 1939లో తయారీ ఆపేసేనాటికి సుమారు 2,90,000 బండ్లు బయటికి వచ్చాయి.

నా చిన్నప్పుడు, 1950లలో, మా ఊరి డాక్టరుగారి వసారాలో ఒక పాత బేబీ ఆస్టిన్ ఉండేది. పిల్లలం దాని కప్పు మీద చెయ్యి వేసి నిలబడి, కారు కంటే మేమే పొడుగని పందేలు కట్టుకునేవాళ్లం.

ఇతర దేశాలవారు కూడా అనుమతి తీసుకుని దీన్ని తయారుచేశారు. జర్మనీలో డిక్సీ పేరుతో తయారయ్యేది. 1928లో ఆ డిక్సీ కంపెనీని కొనుక్కోవడంతోనే బీఎండబ్ల్యూ కార్ల వ్యాపారంలోకి అడుగుపెట్టింది. ఈ రోజు ఆ కంపెనీ కారు కొనాలంటే మన గ్రాట్యుటీలు చాలవు! ఫ్రాన్సులో రోజెన్‌గార్, అమెరికాలో అమెరికన్ ఆస్టిన్ ఇదే బాట పట్టాయి. ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ తన మొదటి పందెం కారును పాత ఆస్టిన్ సెవెన్ మీదనే కట్టుకున్నారు. లోటస్ కంపెనీ అలా పుట్టింది.

ఆస్టిన్ 1918 నుంచి 1924 దాకా పార్లమెంటు సభ్యులుగా ఉన్నారు. 1936లో లార్డు అయ్యారు. ఆ ఏడాదే రూథర్‌ఫర్డ్ నడిపిస్తున్న కేంబ్రిడ్జి కావెండిష్ ప్రయోగశాలకు రెండున్నర లక్షల పౌన్లు విరాళమిచ్చారు. సామాన్యుడి కారు మీద వచ్చిన సంపదలో కొంత అణువిజ్ఞానానికి చేరిందన్నమాట. 1941 మే 23న, మరో యుద్ధం నడుస్తుండగా, లికీ గ్రేంజ్‌లోనే కన్నుమూశారు. కొడుకు లేనందున లార్డు బిరుదు ఆయనతోనే ముగిసింది.

1952లో ఆస్టిన్ కంపెనీ, దాని పాత పోటీదారు మోరిస్ ఒకటయ్యాయి. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారును ఆస్టిన్ దుకాణాల్లో మొదట ఆస్టిన్ సెవెన్ అన్న పాత పేరుతోనే అమ్మారు. 2005లో ఎంజీ రోవర్ పతనంతో లాంగ్‌బ్రిడ్జ్ కార్ఖానా చతికిలపడింది. స్టాన్లీ ఎడ్జ్ మాత్రం 1990 దాకా జీవించారు. తర్వాత చరిత్ర రాసినవారు ఆయన వాటాను ఆయన పేరు మీద నమోదు చేశారు.