కృష్ణమూర్తి గారి మొదటి ఓడ ప్రయాణం

జిడ్డు కృష్ణమూర్తి గారు 1895 మే నెలలో మన మదనపల్లెలో జన్మించారు. తండ్రి నారాయణయ్య తాసీల్దారు. తల్లి సంజీవమ్మ 1905లో చనిపోయింది. అప్పుడు ఆయనకు పదేండ్లు. 1909లో తండ్రి పిల్లల్ని తీసుకొని మద్రాసు అడయారుకు పొయ్యినాడు. అక్కడి బడిలో కృష్ణమూర్తికి చదువు రాదని అయ్యవారు కొట్టేవాడు. కానీ దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఈ పిల్లవాడు లోకానికి గురువవుతాడని నమ్మినారు. అనీబిసెంటమ్మ ఆయన్ను, తమ్ముడు నిత్యానందను చేరదీసింది.

1911 ఏప్రిల్ 22న ముగ్గురూ బొంబాయిలో మాంటువా అనే ఓడ ఎక్కినారు. ఇంగ్లండు ప్రయాణం. అన్నకు ఇంకా 16 నిండలేదు, తమ్మునికి 12. కొత్తగా దొరల గుడ్డలు, బూట్లు. బూట్లు బిగుతై కరిచినాయంట. మేము హాస్టలుకు వచ్చినప్పుడు మాకూ అట్లే కరిచినాయి. బస్సు మలుపు తిరిగినాక మా తండా కనపడలేదు. వాళ్లకూ గట్టు అట్లే కనపడకుండా పోయి ఉంటుంది. అయినా అన్నకు పక్కన తమ్ముడున్నాడు. కెప్టెను వాళ్లకు ఓడలోని వైర్‌లెస్ మిషను చూపించినాడు. మే 5న లండను చేరినారు.

1925 నవంబరులో కృష్ణమూర్తి గారు ఓడలో ఇండియాకు వస్తుంటే సూయజ్ కాలువ దగ్గర టెలిగ్రాం అందింది. అమెరికాలో నిత్యానంద జబ్బుతో చనిపోయినాడని. ఈసారి పక్కన తమ్ముడు లేడు. ఆయన చాలా ఏడ్చినారు.

1929లో తనను గురువుగా పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేసినారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు ఆయన పెట్టించిందే. పిల్లలు భయం లేకుండా చదవాలని ఆయన కోరిక. దెబ్బలు తిన్న పిల్లవాడు కదా. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలో కన్నుమూసినారు.

అక్కలారా, కొత్తగా వచ్చిన చెల్లెళ్లు రాత్రిపూట ఏడుస్తున్నారు. వాళ్ల పక్కన పడుకోండి.