పరవస్తు చిన్నయసూరి

తెలుగు బడులలో చదివిన బాలురలో నీతిచంద్రిక పేరు విననివారు చాలకాలమువఱకు అరుదు. దానిని రచించిన పరవస్తు చిన్నయసూరి పందొమ్మిదవ శతాబ్దారంభమున చెన్నపట్టణమునకు సమీపమందలి శ్రీపెరుంబూదూరున సాతాని వైష్ణవ కుటుంబమునందు జన్మించెను. సంస్కృతాంధ్రములయందు గొప్ప పాండిత్యము సంపాదించి, చెన్నపట్టణమున పచ్చయప్ప పాఠశాలలో బోధించి, పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడాయెను.

ఆనాడు తెలుగున పద్యకావ్యములు సమృద్ధిగా నుండెను గాని, బాలురు పఠింపదగిన వచనము కొఱతగా నుండెను. ఆ కొఱత దీర్పబూని సూరి పంచతంత్ర హితోపదేశముల కథలనుండి మిత్రలాభ మిత్రభేదములను గైకొని నీతిచంద్రికను సంతరించెను. మన గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన మఱుసటి యేడే, అనగా 1853 సంవత్సరమున, ఆ గ్రంథము వెలువడెను. ఆయన రచించిన బాలవ్యాకరణము నేటికిని తెలుగు వ్యాకరణమునకు మూలస్తంభము.

బాలురకై వ్రాసినను సూరి కథలలోని కాఠిన్యమును తుడిచివేయలేదు. మిత్రభేదమున దమనకుడను నక్క కొండెములు చెప్పి, సింహమైన పింగళకునకును ఎద్దైన సంజీవకునకును గల మైత్రిని చెఱచును. నిరపరాధియగు ఎద్దు తన స్నేహితుని గోళ్లకే బలియగును. నక్కకు శిక్ష లేదు. దుఃఖించుచున్న సింహము నోదార్చువాడును ఆ దమనకుడే!

ఇట్టి ముగింపును లోకమెల్ల సహింపలేదు. ఈ కథలు ఆఱవ శతాబ్దమున పారసీకమునకు పోయి, ఎనిమిదవ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫా చేత అరబ్బీలోనికి వచ్చెను. ఆ గ్రంథమున దమనకుని విచారించి దండించు అధ్యాయ మొకటి క్రొత్తగా చేరినది. జర్మనీ దేశమున గ్రిమ్ము సోదరులును తాము 1812లో ప్రకటించిన కథలను పిదప మార్చిరి. స్నోవైట్ అను రాజకుమారిని చంపజూచిన కన్నతల్లి 1819 నాటి కూర్పున సవతితల్లి యాయెను.

మూలకథ అంత కఠినముగా నుండుటకు కారణము లేకపోలేదు. విష్ణుశర్మ ఈ కథలు చెప్పినది ఉయ్యాలలోని శిశువులకు గాదు, రాజ్యమేలవలసిన రాజపుత్రులకు. విచారింపక కొండెగాని మాట నమ్మిన రాజు తన మిత్రుని చేతులార చంపుకొనునని వారికి తెలియవలసియుండెను. నక్కను దండించినచో తప్పంతయు నక్కదే యని సరిపెట్టుకొందుము. దండింపనందున సింహము చేసిన తప్పు మన కన్నులయెదుట నిలుచును. సూరి ఆ తప్పును బాలురకు మఱుగుపఱుపక చూపెను.

పిదప ఆయన పరమపదించెను. మిగిలిన సంధివిగ్రహములు ఆయన కలమునుండి వెలువడలేదు. కందుకూరి వీరేశలింగము పంతులు మున్నగువారు తరువాత వానిని వ్రాసిరి.

విద్యార్థులారా! తోడివానిపై ఎవరేని మీ చెవిని కొండెము చెప్పిన దినమున సంజీవకుని తలచికొనుడు. నమ్ముటకు ముందు ఆ తోడివానినే పిలిచి యడుగుడు. పింగళకుడు చేయక విడిచిన పని అదియే.